తుండుగుడ్డ కింద వేలు

వినీల ఎడమచెయ్యి బల్ల అంచు మీదుగా కిందికి వేలాడుతోంది. కుడిచెయ్యి మౌసు మీద ఉంది. ల్యాప్‌టాప్ కెమెరాకు ఆ కుడిచెయ్యీ, పిల్ల ముఖమూ, వెనకాల సున్నం పెచ్చులూడిన గోడా కనిపిస్తాయి. బల్ల పక్కన కిటికీ కింద గొంతుక్కూర్చున్న తండ్రి పెంచలకృష్ణ మాత్రం కనిపించడు.

అతను అక్కడ కూర్చోవడానికి సాకు ఉంది. ఆ ఇంట్లో సిగ్నల్ అనేది కిటికీ దగ్గర తప్ప ఇంకెక్కడా నిలవదు. ల్యాప్‌టాప్‌కు నెట్ ఇచ్చే ఫోను ఊచల మధ్య పెట్టి వదిలేస్తే సముద్రం వైపునుంచి వచ్చే గాలికి జారి కిందపడుతుంది. అంచేత ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఆట జరిగేటప్పుడు గదిలో ఇంకో మనిషి ఉండకూడదని గూడూరులో చెస్ నేర్పే చంద్రమౌళి సారు ల్యాప్‌టాప్ ఇస్తూ మరీ మరీ చెప్పాడు. ఫోను పట్టుకునేవాడు మనిషి లెక్కలోకి రాడని పెంచలకృష్ణ తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. అవసరమైతే అట్లా సర్దిచెప్పుకోవడం అతనికి బాగా వచ్చు.

అది ఆఖరి ఆట. గెలవకపోయినా ఫరవాలేదు, ఓడకుండా బయటపడితే చాలు, వినీల జిల్లా జట్టులో చేరినట్టే. వేసవిలో నెల్లూరులో శిక్షణ, ఆ తర్వాత వేరే జిల్లాల పిల్లలతో ఎదురెదురుగా కూర్చుని ఆడే ఆటలు. తొమ్మిదో తరగతి చదివే పిల్లకు అంతకన్నా పెద్ద ఆశ ఇంకొకటి లేదు. వారం రోజులుగా అన్నం తింటూ కూడా పళ్ళెంలో మెతుకులతో ఎత్తులు వేసుకుంటోంది.

అవతల ఆడుతున్నవాడు ఎవరో ఏ ఊరివాడో తెలియదు. తెరమీద పేరు మాత్రం ఉంది. వాడు తన గుర్రాన్ని ముందుకు దూకించాడు. అది కదిలేసరికి ఎడమవైపు చివర ఒక బంటుకు కాపలా లేకుండా పోయింది. పెంచలకృష్ణ మెడ సాచి, కెమెరాకు దొరక్కుండా, కిందినుంచి వాలుగా తెర చూశాడు. ఊరికే ఉన్న బంటు. మంత్రి పోయి తీసుకుంటే అడిగేవాడు లేడు. అతనికి ఆట రాదని కాదు. కుర్రతనంలో టీకొట్టు బెంచీ మీద చాలామందిని ఓడించినవాడే, పిల్లకు గళ్ళు చూపించి నేర్పినవాడే. వచ్చినదానికన్నా ఎక్కువ వచ్చుననుకోవడం ఒక్కటే అతని జబ్బు.

ఎడమచేత్తో ఫోను ఊచలకు అదిమిపట్టి, కుడిచేత్తో భుజం మీది తుండుగుడ్డ తీసి, వేలాడుతున్న కూతురి చేతిమీద కప్పాడు. కప్పక్కర్లేదు. చూసేవాళ్ళెవరూ లేరు. కానీ అతను పశువుల సంతలో దళారి. సంతలో బర్రెల బేరం నోటితో జరగదు. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ కలిపి, పైన గుడ్డ కప్పి, లోపల వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ పదిమంది నిలబడినా ఆ ధర ఇద్దరికే తెలుస్తుంది. వినీల చిన్నపిల్లగా అతని తొడమీద కూర్చుని ఆ విద్య చూసి ముచ్చటపడితే, చదరంగానికి కూడా వేళ్ళు కట్టి ఇచ్చాడు. బొటనవేలు రాజు, చూపుడువేలు మంత్రి, నడిమివేలు ఏనుగు, ఉంగరపువేలు గుర్రం. వేలు పట్టి లాగితే తీసుకో అని, అదిమితే ఆగమని. టీకొట్టు దగ్గర ఆ పిల్ల ముసలాళ్ళను ఓడిస్తుంటే తండ్రీకూతుళ్ళు గుడ్డ కింద నవ్వుకునేవాళ్ళు.

గుడ్డ కింద వినీల బొటనవేలు కదిలింది. రాజును కోటలోకి పంపుతానంటోంది. పెంచలకృష్ణ ఆ వేలిని అదిమాడు. చూపుడువేలు పట్టి లాగాడు.

ఆమె ఎత్తు వెయ్యలేదు. తెరమీద గడియారం నడుస్తోంది. మళ్ళీ బొటనవేలే కదిలింది. ఈసారి గట్టిగా అదిమి, చూపుడువేలిని ఇంకా గట్టిగా లాగాడు. వినీల ఒక్కసారి కళ్ళు దించి తండ్రి ముఖం చూసింది. అతను గడ్డం ఎగరేసి, తీసుకో అన్నట్టు కనుబొమలు పైకెత్తాడు. ఆమె మంత్రిని పంపి బంటును తీసుకుంది.

అవతలివాడు ఆలోచించనైనా లేదు. దూకిన గుర్రాన్నే వెనక్కి తెచ్చి దారికి అడ్డం పెట్టాడు. ఆ తర్వాత కాసేపటికే మంత్రికి నిలవడానికి గడి లేకుండా పోయింది. మంత్రి పోయాక ఆటలో ఇంకేం మిగులుతుంది. వినీల ఓటమి ఒప్పుకునే బొత్తాం నొక్కి, ల్యాప్‌టాప్ మూసి, చెయ్యి పైకి తీసుకుంది. గుడ్డ నేలమీద పడింది.

మంత్రిని వెనక్కి తెచ్చుకోవడం చేతకాలేదా అని పెంచలకృష్ణ అరిచాడు. బంగారమంటి ఆట చేతిలో పెడితే పారేసుకున్నావన్నాడు. ఫోను పట్టుకుని పట్టుకుని చెయ్యి తిమ్మిరెక్కినందుకు కూడా ఆ పిల్లనే తిట్టాడు. వినీల ఏడవలేదు. ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టి, సంచిని పెట్టెమీద పెట్టి, బావి దగ్గరికి పోయి ముఖం కడుక్కుంది.

సంతరోజున పెంచలకృష్ణ దిగులుగానే ఉన్నాడు. దిగులుగా ఉంటే అతను మాట్లాడకుండా ఉండలేడు. తోటి దళారి హజరత్తయ్య పిల్ల ఆట ఏమైందని అడిగిన పాపానికి, చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినపడేలా చెప్పాడు. అంతా బాగా ఆడి ఆఖర్న ఆశపడిందనీ, ఊరికే వచ్చిన బంటు కోసం పోయి మంత్రిని పోగొట్టుకుందనీ చెప్పాడు. చెబుతుంటే అది అబద్ధమని అతనికి తోచనే లేదు. రెండు రోజుల్లోనే అతని మనసులో ఆ వేళ్ళూ లేవు, ఆ గుడ్డా లేదు. ఎత్తు వేసింది పిల్ల చెయ్యి, ఓడింది పిల్ల. అంతే మిగిలింది.

ఆ మాటల మధ్యలోనే వాకాడు వైపునుంచి ఎవరో ఒక బర్రెను తోలుకొచ్చారు. నిగనిగలాడే బర్రె, నిండైన పొదుగు. గుడ్డ కప్పి వేళ్ళు పట్టుకుంటే, అమ్మేవాడు మొదటి మాటకే బాగా దిగివచ్చాడు. కొనడానికి వచ్చిన రైతు పెంచలకృష్ణ వైపు ఆశగా చూశాడు. పెంచలకృష్ణ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

బర్రె చుట్టూ ఒకసారి తిరిగాడు. దాని నోరు తెరిపించి పళ్ళు చూశాడు. నాలుగడుగులు నడిపించాడు. తర్వాత కింద కూర్చుని, ఒక్కో చన్నునూ విడిగా పిండాడు. వెనక కుడిపక్కది ఎంత పిండినా చుక్క రాలలేదు. చెయ్యి తుండుగుడ్డకు తుడుచుకుంటూ లేచి, ఇంత బర్రెను ఇంత చవగ్గా ఎందుకు వదులుకుంటాడో ముందు ఆలోచించాలి గదా అని రైతును మందలించాడు. అమ్మేవాడు తల వంచుకుని బర్రెను తోలుకుపోయాడు. హజరత్తయ్య నవ్వి, నీ కళ్ళు గప్పడం ఎవడి తరం అన్నాడు. పెంచలకృష్ణకు ఆ పూట కొంచెం దిగులు తగ్గింది.

ఇంటికొచ్చేసరికి వినీల మెట్టు మీద కూర్చుని తన ఓడిన ఆటను ఫోనులో మళ్ళీ చూసుకుంటోంది. ఆట అయిపోయాక ఏ ఎత్తు మంచిదో ఏది తప్పో ఆ ఫోనే గుర్తుపెట్టి చూపిస్తుంది. మంచి ఎత్తు పక్కన పచ్చగుర్తు, తప్పు పక్కన ఎర్రగుర్తు. ఎక్కడ చెడిందో చూపించమన్నాడు పెంచలకృష్ణ, పక్కన కూలబడుతూ.

వినీల వేలు తెరమీద గబగబా జరిగింది. ఒకచోట ఎర్రగా ఏదో మెరిసి దాటిపోయింది. ఇంకా ముందుకు జరిపి ఆపింది.

"ఈడ నాన్నా. గుర్రం అడ్డమొచ్చినాక మంత్రిని ఈ పక్కకి తెచ్చినా. ఆ పక్కకి తెచ్చుంటే ఇంకొంచెం సేపు బతికేది."

అదే తను అప్పుడే చెప్పానని పెంచలకృష్ణ తృప్తిగా తలూపాడు. వెనక్కి తెచ్చుకోవడం నేర్చుకోవాలని బోధించాడు. సంతలో బర్రెను ఎట్లా పట్టుకున్నదీ చెప్పుకొచ్చాడు. పిల్ల అంతా విని, మంచిపని చేసినావు నాన్నా అంది. ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతు ఎందుకో సన్నగా వచ్చింది. అతను పట్టించుకోలేదు.

పట్టించుకున్నది తల్లి. ప్రమీలమ్మకు చదరంగంలో ఏది గుర్రమో ఏది ఏనుగో తెలియదు. తెలిసిందల్లా పిల్ల సరిగా తినడం లేదని. అన్నాలప్పుడు మొగుడికి చారు పోస్తూ, పాప ఎడమచెయ్యి ఎప్పుడు చూసినా ఒళ్ళో దాచుకుంటోందనీ, ఏమన్నా దెబ్బ తగిలిందేమో కనుక్కోమనీ అంది. దెబ్బ లేదు ఏమీ లేదు, ఓడిపోయిన సిగ్గు అన్నాడు పెంచలకృష్ణ.

ఆదివారం గూడూరులో చంద్రమౌళి సారు తరగతి. మేడమీద పొడుగాటి గది, గోడకు ఒక పెద్ద టీవీ. అక్కడ గెలిచిన ఆటలు చూపించరు. ఓడినవాళ్ళు లేచి, తమ ఆటను టీవీ మీద ఒక్కో ఎత్తూ నడిపించి, ఎక్కడ తప్పు చేశారో, ఆ తప్పు ఎందుకు చేశారో అందరిముందూ చెప్పాలి. తప్పేదో ఫోను చెబుతుంది, ఎందుకో మీరే చెప్పాలి అంటాడు సారు. తిట్టడు, కొట్టడు. కారణం చెప్పేదాకా వదలడు. ల్యాప్‌టాప్ తిరిగి ఇవ్వాలి కాబట్టి పెంచలకృష్ణ కూడా వచ్చి, వెనక బెంచీలో కూర్చున్నాడు.

వినీల లేచింది. ఒక్కో ఎత్తూ నడుపుతూ, సన్నటి గొంతుతో వివరిస్తూ వచ్చింది. సారు మధ్యమధ్య బాగుంది, బాగుంది అంటున్నాడు. కూతురు అంత బాగా ఆడిందని పెంచలకృష్ణకు ఆ రోజు తెలియనే లేదు. ఛాతీ కొంచెం పొంగింది. అంతలో టీవీ మీద మంత్రి పోయి బంటును తీసుకుంది. పక్కన ఎర్రగుర్తు పడింది.

పెంచలకృష్ణ ఆ గుర్తు వైపు చూస్తూ ఉండిపోయాడు. పిల్ల మెట్టు మీద చూపించిన ఎత్తు అది కాదు. అది ఇంకా చాలా తర్వాతది.

అవతలివాడు ఈ బంటును ఎందుకు వదిలినాడో ఆలోచించుకున్నావా అని సారు అడిగాడు. ఊరికే వచ్చేదాన్ని చూస్తే ముందు అనుమానం రావాలన్నాడు. పెంచలకృష్ణ చేతివేళ్ళు తుండుగుడ్డలో బిగుసుకున్నాయి. సంతలో బర్రె చన్ను పిండినప్పుడు తను రైతుతో అన్న మాట అదే. బర్రె దగ్గర ఉన్న తెలివి కూతురి దగ్గర ఏమైపోయిందో అతనికి అర్థం కాలేదు.

"ఇది కాకుండా ఇంకేమన్నా తోచిందామ్మా నీకు?" అన్నాడు సారు.

వినీల తడుముకోకుండా రాజును కోటలోకి పంపి చూపించింది. పక్కన పచ్చగుర్తు పడింది. అక్కణ్ణుంచి ఆట ఎట్లా నడిచేదో కూడా చెప్పింది. గెలవకపోయినా ఓడేది కాదు. గుడ్డ కింద రెండుసార్లు కదిలిన బొటనవేలు పెంచలకృష్ణకు ఇప్పుడు గుర్తొచ్చింది. రెండోసారి ఎంత గట్టిగా అదిమాడో కూడా గుర్తొచ్చింది.

సారు కుర్చీలోంచి లేచాడు. మంచి ఎత్తు తెలిసి తెలిసి చెడ్డ ఎత్తు ఎవరూ వెయ్యరు అన్నాడు. టీవీ ఆపేసి, పిల్లలందరినీ కిందికి పోయి టీ తాగి రమ్మని పంపి, వినీలను తండ్రి పక్కనే బెంచీమీద కూర్చోబెట్టాడు. తను ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. ఆటరోజు కెమెరా రికార్డింగు చూశాననీ, ఈ ఎత్తుకు ముందు ఆమె కళ్ళు కిందికి పోయాయనీ చెప్పాడు.

"పక్కన ఎవరన్నా ఉన్నారా వినీలా? ఉంటే నేను పోటీ పెట్టినవాళ్ళకి చెప్పాల. చెప్తే నీ పేరు కొట్టేస్తారు. మళ్ళీ ఏ పోటీకీ రానియ్యరు. అయినా నిజం చెప్పు."

పెంచలకృష్ణ గొంతులో మాట సిద్ధంగా ఉంది. నేనే సార్, పిల్ల తప్పేం లేదు, నా వేలే లాగింది అని. సంతంతా వినపడేలా కూతురిదే తప్పని చాటినవాడు, ఆ ఒక్క మాట అనేస్తే చాలు. లేవబోయాడు. తుండుగుడ్డ ఒళ్ళో ఉంది, చెయ్యి దాని కింద ఉంది.

ఆ గుడ్డ కిందికి కూతురి ఎడమచెయ్యి వచ్చింది. చల్లగా ఉంది. అతని వేళ్ళలో ఒకదాన్ని పట్టుకుని గట్టిగా అదిమింది. అతను మళ్ళీ కదలబోతే మళ్ళీ అదిమింది, గోరు గుచ్చుకునేంత గట్టిగా.

"ఎవరూ లేరు సార్. ఆశపడినా. ఊరికే వస్తా ఉండాది గదా అని తీసుకున్నా."

సారు చాలాసేపు ఆమెను చూశాడు. తర్వాత పెంచలకృష్ణను చూశాడు. పెంచలకృష్ణ తల వంచుకున్నాడు. సరే అన్నాడు సారు చివరికి. గట్టివాళ్ళతో ఆడించే తరగతిలోంచి ఆమెను తీసి, కొన్నాళ్ళు చిన్నపిల్లల దగ్గర కూర్చోమన్నాడు. తెలిసీ ఆశపడేవాళ్ళకు ముందు ఓపిక రావాలన్నాడు. వినీల అట్టాగే సార్ అంది. పిల్లలు తిరిగొచ్చేసరికి ఆమె ముందు వరసలో, తన భుజం ఎత్తు కూడా లేని పిల్లల మధ్య కూర్చుని ఉంది.

బస్టాండులో చిట్టమూరు మీదుగా పోయే బస్సు ఇంకా రాలేదు. నిమ్మకాయల మూటల పక్కన సిమెంటు దిమ్మె మీద ఇద్దరూ కూర్చున్నారు. కారం దోసె తింటావా పాపా అని అడిగాడు పెంచలకృష్ణ. వద్దంది. సోడా తాగుతావా అన్నాడు. వద్దంది. ఇక అడగడానికి ఏమీ లేక అతనికి ఏడుపొచ్చింది. ఇంతమంది మధ్య ఏడిస్తే బాగుండదని గుడ్డతో ముఖం తుడుచుకున్నట్టు చేశాడు.

"వెనక్కి పోయి సారుకి చెప్పేసి వస్తా పాపా. నువ్వీడనే కూర్చో. నా బరువు నువ్వు మోయొద్దు."

వినీల లేవలేదు, చెయ్యి పట్టుకుని ఆపలేదు. రోడ్డు వైపే చూస్తూ చెప్పింది.

"చెప్తే నువ్వు తేలికవుతావు నాన్నా. నాకు ఆటే లేకుండా పోతాది."

అతను లేచినవాడు లేచినట్టే నిలబడ్డాడు. మూటలు ఎత్తేవాళ్ళు పక్కకు జరగమంటే జరిగాడు. తన తప్పు చెప్పుకునే దారి కూడా కూతురి మీదుగానే పోతుందనీ, అందుకని అది ఎప్పటికీ చెప్పుకోలేడనీ అతనికి అప్పుడు పూర్తిగా తెలిసింది. ఆ పిల్లకు ఈ సంగతి ఎప్పుడు తెలిసిందో. బావి దగ్గర ముఖం కడుక్కునేటప్పటికే తెలిసి ఉంటుంది. బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు ఆమెకు ఇచ్చి పక్కన కూర్చున్నాడు.

మరుసటి సంతలో పిల్ల ఆశ గురించి హజరత్తయ్య మళ్ళీ ఏదో వేళాకోళమాడాడు. పెంచలకృష్ణ అతని చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయి, నా బిడ్డ ఆశపడే మనిషి గాదన్నా, ఇంకోసారి ఆ మాట అనొద్దు అన్నాడు. నువ్వే గదయ్యా చెప్పినావు అన్నాడు ఆయన తెల్లబోయి. అవును, నేనే చెప్పినా అని పెంచలకృష్ణ బర్రెల్లోకి వెళ్ళిపోయాడు. ఆ రోజు రెండు బేరాలు కుదరలేదు. గుడ్డ కింద అవతలి మనిషి వేలు పట్టుకోగానే అతని చేతిలో పట్టు సడలిపోతోంది.

చిన్నపిల్లల తరగతివాళ్ళకు సారు ఇంటినుంచి ఆడే చిన్న పోటీ ఒకటి పెట్టాడు. గెలిస్తే ఏమీ రాదు. వినీల పోయినసారి లాగే తలస్నానం చేసి, బల్ల తుడిచి, సారు మళ్ళీ ఇచ్చిన ల్యాప్‌టాప్ తెరిచింది. పెంచలకృష్ణ ఫోను తీసుకుని కిటికీ దగ్గరికి వచ్చి, కింద కూర్చోవడానికి పంచె సర్దుకున్నాడు.

"నువ్వు బయట నిలబడు నాన్నా," అంది వినీల మెల్లగా.

కోపంగా అనలేదు. కోపంగా అన్నా అంత బాధపడేవాడు కాదు. అతను గుమ్మం దాటి, ఇంటి చుట్టూ తిరిగి, కిటికీ అవతలకు వచ్చి నిలబడ్డాడు. ఊచల్లోంచి చెయ్యి లోపలికి పెట్టి ఫోను పట్టుకున్నాడు. సిగ్నల్ బాగానే ఉంది. ఆ రోజు కూడా ఇట్లాగే నిలబడగలిగేవాడు. ఆ మాట ఆ రోజు తోచలేదు, అంతే. ఎండ మెడమీద పడుతోంది. గాలికి తుండుగుడ్డ ఎగిరి ముఖానికి తగులుతుంటే దాన్ని నడుముకు చుట్టుకున్నాడు.

తెర వైపు చూడకూడదనుకున్నాడు, చూడలేదు. కూతురిని మాత్రం చూశాడు. రెండు చేతులూ బల్లమీద పెట్టుకుని ఆడుతోంది. చాలాసేపు ఆట సాఫీగా నడిచింది. తర్వాత ఒకచోట ఆగిపోయింది. కనుబొమలు ముడిచింది. కింది పెదవి పంటికింద పెట్టుకుంది. ఏదో కష్టమైన చోటు వచ్చింది.

ఆలోచనలో ఉండగానే ఆమె ఎడమచెయ్యి బల్లమీదినుంచి జారింది. అంచు దాటి కిందికి వేలాడి, వేళ్ళు విచ్చుకుని, ఎప్పుడూ అతను కూర్చునే చోట ఆగింది. బొటనవేలు ఒకసారి కదిలింది. అక్కడ ఎవరూ లేరు.

కిటికీ అవతలనుంచి పెంచలకృష్ణ అది చూశాడు. ఊచల్లోంచి చెయ్యి ఇంకొంచెం చాపితే ఆ వేళ్ళు అందుతాయి. ఫోను పట్టుకున్న చెయ్యిని అతను కదల్చలేదు.

కాసేపటికి వినీల కిందికి చూసింది. తన చెయ్యి తనే చూసుకుంది. దాన్ని నెమ్మదిగా పైకి తెచ్చి, బల్లమీద కుడిచెయ్యి పక్కన పెట్టుకుని, ఎత్తు వేసింది.